ముందు లీకు, తర్వాత కంప్రెసర్: పాత లగ్జరీ ఎస్‌యూవీతో నా అనుభవం

లగ్జరీ ఎస్‌యూవీ పాతబడే కొద్దీ దాని ధర తగ్గుతుంది, పార్టుల ధర మాత్రం తగ్గదు. సెకండ్ హ్యాండ్ బండి అమ్మేవాళ్లు ఈ ముక్క ఎప్పుడూ చెప్పరు. ఆ బండిని కొత్తగా కొనగలిగినవాళ్ల స్తోమతను చూసి పార్టుల రేట్లు పెట్టారు. ఏడెనిమిదేళ్లు గడిచి, లక్ష కిలోమీటర్లు దాటి, మొదటి ధరలో మూడో వంతుకు నా చేతికొచ్చాక కూడా ఆ హెడ్‌లైటు రేటు అదే, ఆ కంప్రెసర్ రేటు అదే. పైగా ఏటా కాస్త పెరుగుతుంది కూడా. అందుకే మొదటి పెద్ద ఎస్టిమేటు చూసినప్పుడు ఎవరికైనా కళ్లు తిరుగుతాయి. ఒక్క రిపేరుకే బండి విలువలో ఐదో వంతు అంటే తిరగకుండా ఎలా ఉంటాయి?

ఇదంతా తెలిసే కొన్నాను. ఆరు సిలిండర్లు వి ఆకారంలో ఉండే వి6 డీజిల్ ఇంజిను, 8 గేర్ల ఆటోమేటిక్, నాలుగు చక్రాలకూ పవర్, నాలుగు మూలలా ఎయిర్ సస్పెన్షన్. బండి పేరు చెప్పను. చెప్పినా పెద్ద ఉపయోగం లేదు, ఎందుకంటే ఈ తరగతి బండ్లన్నీ దాదాపు ఒకే వయసులో, ఒకేలాంటి చోట్ల మొరాయిస్తాయి. రెండు టన్నులు దాటిన బరువు, ఇరుకు బోనెట్ కింద కిక్కిరిసిన పైపులు, సీట్ల కిందా డిక్కీలోనూ దాచిన కంప్యూటర్ డబ్బాలు. ఏ కంపెనీ బ్యాడ్జి ఉన్నా లోపలి కథ ఇంతే.

మొదట ఇబ్బంది పెట్టింది సస్పెన్షనే. దాన్ని గమనించింది మా ఆవిడ. "ఏమండీ, బండి ఎడమ పక్కకి ఒరిగినట్టు లేదూ?" అంది. వంగి చూస్తే ముందు ఎడమ టైరుకీ పైనున్న ఆర్చికీ మధ్య వేలు దూరే సందు కూడా లేదు. కుడి పక్కన మాత్రం అరచెయ్యి సులువుగా దూరుతోంది. స్టార్ట్ చేయగానే వెనక నుంచి కంప్రెసర్ గురగురమంటూ తిరిగింది. కాసేపటికి ఎడమ మూల మెల్లగా లేచి, బండి ఏమీ ఎరగనట్టు సమంగా నిలబడింది. అలా కొన్నాళ్లు గడిచాక మీటర్లో పసుపు లైటు వచ్చింది, సస్పెన్షన్ చెక్ చేయించమని.

సర్వీస్ సెంటర్‌లో స్కానర్ పెట్టారు. కంప్రెసర్ ఉండాల్సినదానికన్నా ఎక్కువసేపు తిరుగుతోందని కోడ్ వచ్చింది. సాయంత్రానికి ఫోన్‌కి ఎస్టిమేటు పంపారు: కొత్త కంప్రెసర్, ముందు రెండు ఎయిర్ స్ట్రట్లు (గాలి సంచీ, షాకబ్జార్బరూ కలిసిన యూనిట్లు), వాల్వ్ బ్లాక్, లేబర్, పన్నులు. నేను పైన చెప్పిన ఐదో వంతు లెక్క దీనిదే. నేను ఫోన్ చేసి ఒక్కటే అడిగాను, లీకు ఎక్కడుందో చూశారా అని. "ఈ బండ్లలో ఇవన్నీ కలిపే మార్చాలి సార్, కంపెనీ ప్రొసీజర్ అంతే" అన్నాడు అడ్వైజర్. చూశారో లేదో మాత్రం చెప్పలేదు. పని మొదలుపెట్టొద్దని చెప్పి, చెకింగ్ ఛార్జి కట్టి బండి తీసుకొచ్చేశాను.

ఈ సస్పెన్షన్ ఎలా పనిచేస్తుందో తెలిస్తే ఆ ఎస్టిమేటులో ఏం తేడా ఉందో అర్థమవుతుంది. ఇనుప స్ప్రింగుల బదులు నాలుగు మూలలా గాలి నిండిన రబ్బరు సంచులుంటాయి. ఒక చిన్న కరెంటు కంప్రెసర్ గాలి పట్టిస్తుంది. ఏ మూలకు ఎంత గాలి వెళ్లాలో వాల్వ్ బ్లాక్ పంచుతుంది. ప్రతి చక్రం దగ్గరా ఎత్తు కొలిచే సెన్సర్ ఒకటి ఉంటుంది. పెద్ద ఫోర్ వీల్ డ్రైవ్ బండ్లలోకి ఈ ఏర్పాటు 1992లో రేంజ్ రోవర్‌తో వచ్చింది. ఎగుడుదిగుడు రోడ్డు మీద బండి తేలుతున్నట్టు పోవడం, మీట నొక్కితే పైకి లేవడం, అంతా దీని చలవే. కానీ రబ్బరు రబ్బరే. సంచి కిందికీ పైకీ మడతపడే చోట ఏళ్ల తరబడి నలిగి సన్నటి పగుళ్లు వస్తాయి. రాత్రంతా ఆ పగుళ్లలోంచి గాలి కారుతుంది, చలి రోజుల్లో ఇంకాస్త ఎక్కువగా. పొద్దున కంప్రెసర్ ఆ లోటు పూడుస్తుంది.

ఇక్కడే ఉంది అసలు సంగతి. ఆ కంప్రెసర్‌ని ఆగకుండా తిరగడానికి చేయలేదు. కాసేపు తిరిగి ఆగాలి, బాగా వేడెక్కితే దానంతట అదే ఆగిపోతుంది. లీకు ఉన్నప్పుడు రోజుకి ఎన్నోసార్లు తిరిగి లోపలి పిస్టన్ రింగు అరుగుతుంది. గాలిలో తేమను పీల్చే డ్రయర్ గుళికలు ఆరే వ్యవధి లేక నానిపోతాయి, ఆ తేమ వాల్వ్ బ్లాక్‌లోకి చేరి అక్కడ తుప్పు పట్టిస్తుంది. కంప్రెసర్‌కి కరెంటిచ్చే రిలే కాంటాక్టులు మాడి ఒకదానికొకటి అతుక్కున్నాయంటే, తాళం తీసేసినా మోటారు తిరుగుతూనే ఉండి కాలిపోతుంది. అంటే లీకు సరిచేయకుండా కొత్త కంప్రెసర్ వేస్తే అదీ కొన్నాళ్లకు అదే దారి పడుతుంది. అలాగని అన్నీ ఒకేసారి మార్చేస్తే జబ్బు పోతుంది గానీ, బాగున్న పార్టులకు కూడా డబ్బు కట్టినట్టవుతుంది.

తెలిసినవాళ్ల ద్వారా ఒక మేస్త్రీ దొరికాడు. ఇలాంటి బండ్లే చేస్తాడు, సొంత షెడ్డు, కంపెనీ స్థాయి స్కానర్ ఉంది. ఆయన ముందు స్కానర్ జోలికి పోలేదు. బండిని పూర్తి ఎత్తుకి లేపించి, స్టీరింగ్ ఒక పక్కకి మొత్తం తిప్పించి, సబ్బు నీళ్ల సీసా తీసుకుని చక్రం పక్కన కూర్చున్నాడు. పైన గాలి పైపు బిగించే చోట కొట్టాడు, ఏమీ లేదు. సంచి కింది అంచున కొట్టాడు, ఏమీ లేదు. మడత దగ్గర కొట్టి, టార్చి పట్టుకుని ఆగాడు. మొదట నీళ్లు జారిపోయాయి. తర్వాత మడత లోపలి నుంచి ఆవగింజంత బుడగలు రెండు మూడు పుట్టాయి, పగిలాయి, అదే చోట మళ్లీ పుట్టాయి. నన్ను కూడా వంగి చూడమన్నాడు. "ఇదీ సార్ మీ కంప్రెసర్ కథ" అన్నాడు. కుడి పక్క సంచిని, వెనక రెండింటినీ, వాల్వ్ బ్లాక్ జాయింట్లనీ ఇలాగే చూశాడు. ఎక్కడా బుడగ లేదు. ఆ తర్వాతే స్కానర్ పెట్టి, కంప్రెసర్ ఎంతసేపట్లో ఎంత ప్రెషర్ ఎక్కిస్తోందో చూశాడు. నీరసంగా ఉంది గానీ పోలేదు.

చివరికి మార్చినవి ముందు ఎడమ స్ట్రట్, రిలే, కంప్రెసర్‌లో పిస్టన్ రింగు, డ్రయర్ గుళికలు. మొత్తం కలిపి సర్వీస్ సెంటర్ చెప్పినదాంట్లో మూడో వంతు కూడా కాలేదు. కుడి స్ట్రట్ కూడా జతగా మార్చొచ్చు కదా అని నేనే అడిగాను. "రబ్బరు చూశారుగా, ఇంకా మెత్తగానే ఉంది. అది పోయినప్పుడు అదే చెప్తుంది సార్, ఒరిగి" అన్నాడు. మామూలు షాకబ్జార్బర్లయితే జతగా మార్చమనే ఎవరైనా చెప్తారు, ఆయనా చెప్తాడు. ఇక్కడ మాత్రం సంచి తాజాగా ఉండి, స్ట్రట్‌లోని షాకబ్జార్బర్ ఆయిల్ కారకుండా ఉందని చూసుకున్నాకే ఆ మాట అన్నాడు.

పనిలో పనిగా ఒక విషయం. ఎయిర్ సస్పెన్షన్ బండికి పంచరు పడితే జాకీ పెట్టే ముందు మెనూలో జాక్ మోడ్ ఆన్ చేయాలి. లేకపోతే చక్రం గాల్లోకి లేవగానే కంప్యూటర్ ఎత్తు సరిచేయబోయి గాలి వదిలేస్తుంది. రోడ్డు పక్కన టైరు మార్చే కుర్రాడికి ఇది తెలియకపోవచ్చు, మనమే చెప్పాలి.

సస్పెన్షన్ తర్వాత నేను దేన్నైనా ఇలాగే చూడడం అలవాటు చేసుకున్నాను. ఏ పార్టు పోయిందని కాకుండా, అదే పోయిందని ఎలా తెలిసిందని అడుగుతాను. ఈ బండ్ల ఖర్చు తడిసి మోపెడయ్యేది ఎక్కువగా ఊహల వల్లే. ఒక ఊహ తప్పితే రెండోది, అదీ తప్పితే మూడోది, ప్రతిదానికీ ఖరీదైన పార్టు. మొదట తీసేసిన మంచి పార్టు మాత్రం తిరిగి రాదు.

దీనికి నేను చూసిన పెద్ద ఉదాహరణ టర్బోది, అంటే ఇంజినులోకి గాలిని ఒత్తిడితో నెట్టే పార్టుది. హైవే మీద లారీని దాటబోతుంటే బండి ఒక్కసారిగా చచ్చుబడింది. యాక్సిలరేటర్ నేలకి తొక్కినా స్పీడు అందుకోలేదు. దీన్నే లింప్ మోడ్ అంటారు, ఇంజిను తనని తాను కాపాడుకోవడానికి పవర్ కోసేస్తుంది. పక్కకి ఆపి, ఆఫ్ చేసి మళ్లీ స్టార్ట్ చేస్తే మామూలే. కోడ్ చూస్తే పి0299, అంటే టర్బో నుంచి రావాల్సినంత గాలి ఒత్తిడి రావట్లేదని. ఈసారి వేరే పెద్ద సర్వీస్ సెంటర్‌కి వెళ్లాను. వాళ్లు కోడ్ చదివి టర్బో మార్చాలన్నారు. టర్బో ఎస్టిమేటు గురించి ఇక్కడ రాసి మీకు టెన్షన్ ఎందుకు పెట్టాలి గానీ, సస్పెన్షన్ ఎస్టిమేటు దాని ముందు చిన్నది.

కోడ్‌లో టర్బో పోయిందని ఎక్కడా లేదు. కొలిస్తే ఒత్తిడి తక్కువగా ఉందని మాత్రమే ఉంది. టర్బో తిరగకపోయినా తక్కువే వస్తుంది, టర్బో చక్కగా పనిచేసి దారిలో గాలి బయటికి పోయినా తక్కువే వస్తుంది, కొలిచే సెన్సర్‌కి మసి పట్టినా తక్కువే చూపిస్తుంది. మేస్త్రీ లైవ్ డేటా పెట్టి నన్ను పక్కన కూర్చోబెట్టుకుని నడిపాడు. ఇంజిను అడిగే ఒత్తిడి ఒక గీత, వచ్చే ఒత్తిడి ఇంకో గీత. నెమ్మదిగా పోతున్నంతసేపూ రెండూ కలిసే ఉన్నాయి. గట్టిగా తొక్కగానే విడిపోయాయి. తర్వాత షెడ్డులో గాలి పీల్చుకునే పైపు మూసేసి, మెషిన్‌తో లోపలికి పొగ పంపాడు. చాలాసేపు ఏమీ కనపడలేదు. బండి కింద పడుకున్న కుర్రాడు "అన్నా, ఇక్కడ" అని అరిచాడు. టర్బో గాలిని చల్లబరిచే ఇంటర్‌కూలర్‌కి వెళ్లే లావు పైపు జాయింటు దగ్గర, బాగా ఆయిల్ పట్టిన చోట, సన్నగా పొగ వస్తోంది. లోపలి రబ్బరు సీలు గట్టిపడి ఒక చోట చిట్లింది. ఆ సీలు ఖరీదు మేస్త్రీ బిల్లులో విడిగా రాయను కూడా రాయలేదు. పొగ పరీక్షకీ, ముందు బంపరు కింది కవర్లు విప్పి బిగించినందుకూ డబ్బులు తీసుకున్నాడు. న్యాయమే. నేను కొన్నది ఆ పరీక్షనే.

అలాగని ప్రతిసారీ చిన్న పార్టుతో బయటపడతామని కాదు. ఇంజినుని చల్లబరిచే ద్రవం, అంటే కూలెంట్ విషయంలో పరీక్ష పెద్ద ఖర్చునే చూపించింది. కూలెంట్ లెవెల్ తక్కువని లైటు వచ్చేది, పోసేవాణ్ణి, కొన్ని వారాలకి మళ్లీ వచ్చేది. కింద నేల మీద ఒక్క చుక్క కూడా లేదు. ఇంజిను ఆపాక బోనెట్ దగ్గర నిలబడితే మాత్రం తియ్యటి వాసన. చల్లారిన ఇంజిను మీద మేస్త్రీ ఎక్స్‌పాన్షన్ ట్యాంకు మూత తీసి, చేతి పంపు బిగించి ఒకటిన్నర బార్ దాకా గాలి కొట్టి వదిలేశాడు. ముల్లు కదలకపోతే లీకు లేనట్టు. మాది మెల్లగా దిగింది. సన్నటి కెమెరా లోపలికి పంపితే వి ఆకారం మధ్య లోయలో, సిలిండర్లకి గాలి పంచే ఇన్‌టేక్ మానిఫోల్డ్ కింద, ఆరిపోయిన కూలెంట్ గులాబీ రంగు పెచ్చుగా కనపడింది. కూలెంట్ ప్రవాహాన్ని అదుపు చేసే థర్మోస్టాట్ ఉండే ప్లాస్టిక్ హౌసింగ్ పగిలింది. కారినదంతా వేడికి అక్కడే ఆవిరైపోతోంది, అందుకే కింద చుక్క పడలేదు.

హౌసింగ్ ఖరీదు పర్వాలేదు. దాని దాకా చేరడానికే రెండు రోజుల లేబర్. ఇక్కడ "ఎలాగూ విప్పాం కదా సార్" అనే మాట వస్తుంది. ఈ మాటతో ఎంత ఖర్చయినా పెట్టించొచ్చు, కానీ అందులో నిజం కూడా ఉంది. నేను పెట్టుకున్న నియమం సింపుల్: మళ్లీ అదే లేబర్ కట్టకుండా చేరలేనివి మాత్రం ఇప్పుడే మార్చాలి. ఆ లోయలోనే ఉన్న ఆయిల్ కూలర్ సీళ్లు, థర్మోస్టాట్, చిన్న హోసులు, మానిఫోల్డ్ గాస్కెట్లు మార్పించాను. ముందు వైపు సులువుగా అందే వాటర్ పంపు బాగానే ఉంది, దాన్ని ముట్టుకోనివ్వలేదు. లీకు సంగతి తేలే దాకా మాత్రం టెంపరేచర్ ముల్లు మీద కన్నేసి నడిపాను. అల్యూమినియం హెడ్డు ఒక్కసారి గట్టిగా వేడెక్కితే వంగిపోతుంది. అప్పుడు హౌసింగ్ ఖర్చు కాస్తా హెడ్డు రిపేరు ఖర్చవుతుంది. ముల్లు మధ్య గీత దాటి పైకి ఎక్కితే ఇంటి దాకా పోదాం అనుకోకూడదు, అక్కడే ఆపాలి. వేడి మీద మూత తీయకూడదు. కూలెంట్ రంగు చూసి కలపకూడదు, రంగు ఒకటైనా రసాయనం వేరు కావచ్చు. కంపెనీ చెప్పిన స్పెసిఫికేషన్ నంబరు చూసుకోవాలి.

కరెంటు సమస్యలు భయపెడతాయి గానీ వాటిలో చాలా వాటికి మూలం ఒక్కటే. కొన్నాళ్లు బండి తీయకుండా ఉంచి స్టార్ట్ చేస్తే ఏబీఎస్, స్టీరింగ్, గేర్‌బాక్స్, సస్పెన్షన్, అన్ని లైట్లూ ఒకేసారి వెలిగాయి. అన్ని పార్టులూ ఒకే రాత్రి పోవు. మల్టీమీటర్‌తో బ్యాటరీ చూస్తే 12.2 వోల్టులే ఉంది. ఫుల్ ఛార్జిలో 12.6 పైన ఉండాలి. కంప్యూటర్లకి వోల్టేజి చాలకపోతే ఒకదాని మాట ఒకదానికి వినపడక అన్నీ తప్పు చెప్తాయి. కొత్త ఏజీఎం (యాసిడ్‌ని గాజు పీచులో పట్టి ఉంచే రకం) బ్యాటరీ వేసి, అది కొత్తదని స్కానర్‌తో బండికి నమోదు చేయించాను. ఇలాంటి బండ్లలో ఆ నమోదు చేయకపోతే పాత బ్యాటరీకి పట్టించినట్టే ఛార్జి పట్టిస్తుంది. బ్యాటరీ ఎందుకు దిగిందో కూడా చూశాం. లాక్ చేశాక అరగంటో ఇంకాస్తో ఆగితే కంప్యూటర్లన్నీ నిద్రపోయి, లాగే కరెంటు 50 మిల్లీ ఆంపియర్ల లోపుకి రావాలి. మాది వచ్చింది. అంటే బ్యాటరీ ముసలిదైంది తప్ప వేరే దొంగ ఎవడూ లేడు.

సన్‌రూఫ్ ఉన్నవాళ్లు ఏడాదికొకసారి దాని మూలల్లో నీళ్లు పోయే సన్నటి గొట్టాలు శుభ్రం చేయించుకోండి. అవి మూసుకుపోతే వాన నీళ్లు కార్పెట్ కిందికి చేరతాయి. అక్కడే కంప్యూటర్ డబ్బాలుంటాయి. మా బండిలో కార్పెట్ తడిసిన దగ్గరే ఆగింది.

టైర్ల దగ్గర మాత్రం బేరం కుదరదు. నాలుగు చక్రాలకూ పవర్ వెళ్లే బండికి నాలుగు టైర్లూ ఒకే కంపెనీవి, ఒకే మోడల్‌వి, దాదాపు ఒకే అరుగుదలలో ఉండాలి. ఒకటి కొత్తది, మూడు అరిగినవి అయితే చుట్టుకొలతలు తేడా వచ్చి, ముందు వెనక చక్రాలకి పవర్ పంచే ట్రాన్స్‌ఫర్ కేసులో క్లచ్ ఎప్పుడూ జారుతూనే ఉంటుంది. టైరు గాళ్ల లోతులో తేడా రెండు మూడు మిల్లీమీటర్లు మించకూడదని చాలా కంపెనీలు చెప్తాయి. ఒక టైరు పక్క గోడ కోసుకుపోయినందుకు రెండు టైర్లు కొనాల్సొచ్చింది, అదీ మిగిలిన రెండూ ఇంకా కొత్తగానే ఉన్నాయి కాబట్టి. ఇరవై అంగుళాల చక్రాలు చూడముచ్చటగా ఉంటాయి గానీ వాటికి టైర్లు కొనేటప్పుడు అంత ముచ్చటగా ఉండదు.

పార్టులు ఎక్కడ కొనాలన్నది నాకు బాగా కలిసొచ్చిన సంగతి. ఏ కార్ల కంపెనీ కూడా అన్ని పార్టులూ తనే చేయదు. బాష్, మాలే, కాంటినెంటల్, జడ్‌ఎఫ్ లాంటివాళ్లు చేసిస్తారు. కార్ల కంపెనీ డబ్బాలో వచ్చే, చక్రాన్ని బండికి కలిపి పట్టే కంట్రోల్ ఆర్మే, కొన్నిసార్లు లోగో చెరిపేసి, లెమ్‌ఫోర్డర్ డబ్బాలో చాలా తక్కువకి దొరుకుతుంది. లెమ్‌ఫోర్డర్, శాక్స్ రెండూ జడ్‌ఎఫ్ బ్రాండ్లే. బండి 17 అక్షరాల ఛాసిస్ నంబరుతో పార్టు నంబరు తీయించి, దాన్ని పట్టుకుని వెతకడమే. ఒకే ఏడాది మోడల్లో కూడా మధ్యలో పార్టులు మారుతుంటాయి, అందుకే మోడల్ పేరు చెప్పి కొనకూడదు. ఆ నంబరుతోనే పెండింగ్‌లో రీకాల్స్ (తయారీ లోపాన్ని కంపెనీయే సరిచేసి ఇచ్చే పనులు) ఏమైనా ఉన్నాయేమో కూడా చూసుకోవచ్చు. రీకాల్ పని ఉంటే దానికి మన దగ్గర డబ్బులు తీసుకోరు, రెండో ఓనరైనా సరే. మరీ చవగ్గా దొరికే పేరులేని ఎయిర్ స్ట్రట్లు, సెన్సర్లు మాత్రం నేను కొనను. అక్కడ మిగిలిన డబ్బు రెండోసారి లేబర్‌లో పోతుంది. ఎక్స్‌టెండెడ్ వారంటీ తీసుకుందామనుకుని పత్రం మొత్తం చదివాను. రబ్బరు, సీళ్లు, హోసులు, అరుగుదల అన్నీ మినహాయింపుల్లోనే ఉన్నాయి. మా బండిలో పోయినవి ఎక్కువగా అవే. తీసుకోలేదు.

గేర్‌బాక్స్ ఆయిల్ గురించి చెప్పాలి. "లైఫ్‌టైమ్ ఆయిల్ సార్, మార్చక్కర్లేదు" అన్నారు సర్వీస్ సెంటర్లో. ఆ గేర్‌బాక్స్ తయారు చేసిన జడ్‌ఎఫే 80,000 నుంచి 1,20,000 కిలోమీటర్ల మధ్య, లేదా 8 ఏళ్లకి మార్చమంటుంది. ఎవరి లైఫ్‌టైమో ఎవరూ చెప్పరు. ఫిల్టరు ప్లాస్టిక్ ప్యాన్‌లోనే కలిసి ఉంటుంది కాబట్టి ప్యాన్ మొత్తం మార్చాలి. బండి సమంగా నిలబెట్టి, ఇంజిను తిరుగుతుండగా, ఆయిల్ వేడి స్కానర్‌లో చూసుకుంటూ లెవెల్ సరిచేయాలి. ఇది అంచనాతో పోసే పని కాదు. చేయించాక తక్కువ స్పీడులో రెండు నుంచి ఒకటికి దిగేటప్పుడు వచ్చే కుదుపు తగ్గింది. పూర్తిగా పోలేదు, తగ్గింది.

ఖర్చులన్నీ ఒక పుస్తకంలో రాస్తాను. మూడు వరుసలు. మొదటిది ఏ బండికైనా తప్పనివి: ఆయిలు, బ్రేకులు, టైర్లు. రెండోది వయసు వల్ల వచ్చినవి: సీళ్లు, పైపులు, బుష్‌లు, ఎయిర్ స్ట్రట్. మూడోది మార్చినా సమస్య పోనివి. ఈ మూడో వరుస పెరుగుతోందంటే మెకానిక్‌ని మార్చాలి. మా బావమరిది ఆ పుస్తకం తిరగేసి, "బావా, ఈ ఏనుగుని ఎన్నాళ్లు మేపుతావు? అమ్మేయ్" అన్నాడు. వాడు ఇలాంటిదే కొత్తది కొన్నాడు. నేను ఏడాదిలో రిపేర్లకి పెట్టినదానికన్నా, వాడి బండి షోరూం గుమ్మం దాటిన ఏడాదిలో పోగొట్టుకున్న విలువ ఎక్కువ. అది బిల్లు రూపంలో రాదు కాబట్టి వాడికి నొప్పి తెలియదు. అయితే నా లెక్కలోనూ ఒక తిరకాసు ఉందని ఒప్పుకోవాలి: పాత బండి రిపేరు ఎప్పుడొస్తుందో చెప్పి రాదు. అందుకే నెలనెలా ఈఎంఐ కట్టినట్టు కొంత పక్కన పెడతాను. ఆ డబ్బు లేనివాళ్లకి ఈ బండి నేను చెప్పను. రోజూ ఇదొక్కటే ఆధారమైనవాళ్లకీ చెప్పను, పార్టు రావడానికి వారాలు పట్టొచ్చు.

ఎక్కడ ఆపాలో కూడా మేస్త్రీతో కలిసి ముందే అనుకున్నాం. మా ఇంజినుకి టైమింగ్ చైను, అంటే క్రాంక్ షాఫ్టు తిరుగుడుని వాల్వులు తెరిచే క్యామ్ షాఫ్టుకి అందించే గొలుసు, వెనక వైపు, గేర్‌బాక్స్ పక్కన ఉంటుంది. సాగిందంటే గేర్‌బాక్స్ విడదీయాలి, లేదా ఇంజినే దించాలి. పొద్దున చల్లటి ఇంజిను స్టార్ట్ చేయగానే చైనుని బిగువుగా పట్టే టెన్షనర్‌లోకి ఆయిల్ చేరే దాకా ఒక క్షణం చిన్న గలగల వినిపిస్తుంది. అది మామూలే. గలగల ఆగకపోయినా, స్కానర్‌లో క్యామ్ షాఫ్టుకీ క్రాంక్‌కీ మధ్య తేడా కంపెనీ ఇచ్చిన హద్దు వైపు జరుగుతున్నా మామూలు కాదు. ప్రతి ఆయిల్ మార్పుకీ ఆ రీడింగు తీయించి రాసి పెడుతున్నాను. మొన్నటిది హద్దులోనే ఉంది, కిందటిసారి కన్నా కొంచెం జరిగింది.

ఆ పని వస్తే చేయించను. బిల్లులు, రీడింగులు ఉన్న ఫైలు మొత్తం కొనేవాడి చేతిలో పెట్టి, చైను సంగతి చెప్పి, ఆ మేరకు తగ్గించి అమ్మేస్తాను. ఈ మాట మేస్త్రీతో అంటే, "అప్పుడు బయటివాళ్లకెందుకు సార్, నాకే ఇచ్చేయండి" అన్నాడు. ఎంతకి తీసుకుంటావని అడిగాను. చైను విప్పి చూస్తే గానీ చెప్పలేనన్నాడు.